పానకం తాగిన కట్ట

మా అత్త ఓబుళమ్మకూ గుండ్లవంక కట్టకూ దాదాపు ఒకటే వయసు. ఆ కట్టకు మట్టి మోసిన కూలీల్లో ఆమె తల్లి ఒకతె. నిండు నెలలతో తట్టలు మోసి, పొద్దుగూకే వేళకు గుడిసె చేరి ఆడపిల్లను కనిందట. ఇప్పుడు కట్టకూ అత్తకూ ఇద్దరికీ కీళ్లు అరిగిపోయాయి. తేడా ఒకటే. అత్తను ఆస్పత్రికి తీసుకుపోవడానికి నేనున్నాను. కట్టను పట్టించుకునే నాథుడే లేడు.

నా పేరు చెంగల్రాయుడు. ఓబుళమ్మకు సొంత తమ్ముడి కొడుకును, ఆ ఇంటికి ఇల్లరికం వచ్చిన అల్లుణ్ణి. డిగ్రీ చదివి ఆకుతోటలో పడ్డానని ఊళ్లో ఇప్పటికీ నవ్వేవాళ్లున్నారు. నవ్వనీ. మా అవిసెలపల్లె కట్టకు సరిగ్గా కింద ఉంటుంది. కట్ట కట్టకముందు వంక పారిన పాత దోవలోనే మా తమలపాకు తోటలన్నీ ఉన్నాయి. ఒండ్రు నేల, ఏడాది పొడుగునా కట్ట కింద ఊట. తమలపాకుకు ఇంకేం కావాలి? అవిసె చెట్లు పెంచి వాటి మీదికి తీగలు పాకిస్తే ఆకు అరచేయంత వస్తుంది. కడప బజారులో బస్సు మీదినుంచి మా ఆకు కట్టలు దించకముందే బేరం అయిపోతుంది.

కట్ట సంగతి చెప్పుకుంటే సిగ్గుచేటు. దాని మీద మొలిచిన తుమ్మలు మానులయ్యాయి. వాటి వేళ్లు లోపల ఎక్కడిదాకా పోయాయో దేవుడికెరుక. ఉడుములు బొరియలు చేసుకుని పిల్లాజెల్లాతో కాపురమున్నాయి. పైన ఐదు గేట్లుంటే రెండే కదులుతాయి, అవి కూడా చెరువు నిండితే తప్ప నీళ్లందని ఎత్తులో ఉన్నాయి. అడుగున తూము తలుపు ఎత్తే ఇనుప కడ్డీ విరిగి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. చిన్న ఇంజనీరు దస్తగిరి మంచివాడే, కానీ ఇలాంటి ప్రాజెక్టులు మూడింటికి ఆయనొక్కడే దిక్కు. ఆయనకు జీపుంది, డ్రైవరు లేడు. డ్రైవరొచ్చిన రోజు డీజిలుండదు.

నా భార్య హైమావతి ఓబుళమ్మకు ఒక్కతే కూతురు. పట్నంలో సూక్ష్మజీవుల మీద పరిశోధన చేసేది, వారం వారం ఇంటికొచ్చేది. అలా వచ్చిన ఒక ఆదివారం కట్ట నడుము దగ్గర కారుతున్న ఊటను గాజు గ్లాసులో పట్టి ఎండకెత్తి చూసింది.

"బావా, ఇట్ట చూడు. మొన్నటిదాంకా తేటగా ఉన్నింది. ఇప్పుడు బురద వచ్చాంది."

"వస్తే ఏమయింది?"

"తేటగా కారితే ఉట్టి నీళ్లు. బురదగా కారితే కట్ట లోపలి మట్టి కొట్టుకొచ్చాందని అర్థం. లోపల బొక్క పడి పెద్దదయితాంది."

మా ఇంటి వాకిట్లో నిలబడి తలెత్తితే కనబడేది ఆకాశం కాదు, ఆ కట్టే. దాని వెనక ఎన్ని నీళ్లున్నాయో తలుచుకోకుండా బతకడం మా ఊరివాళ్లకు అలవాటైపోయింది.

హైమ ఊరకుండే మనిషి కాదు. తల్లీకూతుళ్లిద్దరిదీ ఒకటే నోరు, ఒకటే పంతం. పట్నం పోయి ఎవరెవరినో పట్టుకుని, ఏడాది తిరక్కముందే కట్ట మీద తన సూక్ష్మజీవులతో ప్రయోగం చేయడానికి అనుమతి తెచ్చింది. కట్ట పక్కనే పాడుబడిన ప్రాజెక్టు బంగళాలో గబ్బిలాలను తోలేసి, ప్రయోగశాల పెట్టింది. దస్తగిరి తన చేత్తో కిటికీలకు దోమతెర కొట్టాడు.

ఆమె తయారుచేసిన జీవాలను నేను మొదటిసారి చూసింది అక్కడే. చూశానంటే నాకు కనబడ్డాయని కాదు, పలచటి మజ్జిగలాంటి నీళ్లు కనబడ్డాయి. అద్దాల తొట్టిలో కట్ట మట్టి నింపి, ఒక పక్క నీళ్లు పోసింది. రెండో పక్క సందులోంచి నీళ్లు బొటబొటా కారుతున్నాయి. ఆ మజ్జిగ నీళ్లు కాస్త, ఒక చెంబెడు బెల్లం నీళ్లు పోసి, "పోయి రేపు రండి" అనింది. మరుసటి రోజు అత్తనూ దస్తగిరినీ వెంటబెట్టుకుని పోతే కారడం ఆగిపోయి ఉంది. మట్టిని చీల్చి చూపించింది. నీళ్లు వచ్చిన దోవ పొడుగునా తెల్లటి రాయి పేరుకుని ఉంది.

"ఇవి నీళ్లు యాడ కదులుతాంటే ఆడికి పోతాయి. నీళ్లలో ఉండే సున్నాన్ని పట్టుకుని రాయి కడతాయి" అని చెప్పింది హైమ.

"ఏం తింటాయే ఇవి?" అత్త అడిగింది.

"బెల్లం."

"పనికి తగిన తిండేలే. అయితే మేస్త్రీలే ఇవి. తిండి పెడితే కడతారు, పెట్టకపోతే పండుకుంటారు."

అత్త నవ్వులాటకు అన్న మాటే అయినా ఆ జీవాలకు ఆ రోజునుంచి మేస్త్రీలనే పేరు నిలిచిపోయింది. హైమ కూడా తల ఊపింది. "అదేనమ్మా కిటుకు. వీటిని ఆపాలంటే ఇంకేం చేయబన్లేదు. బెల్లం ఆపితే చాలు. తీపి తగిలేదాంకా మళ్లా లేవవు."

తర్వాతి వేసవంతా కట్ట మీద పండగే. బోరు బండితో వరసగా రంధ్రాలు వేశారు. బంగళా ముందు పెద్ద పెద్ద కాగుల్లో బెల్లం కరిగించారు. మేస్త్రీలను, బెల్లం నీళ్లను గొట్టాల్లోంచి లోపలికి దించారు. ఈగలు, చీమలు, ఊళ్లో పిల్లకాయలు అందరూ అక్కడే. కొన్ని వారాలకు బురద ఊట సన్నబడింది, ఆ తర్వాత నిలిచిపోయింది. పెద్ద ఇంజనీర్లు కార్లలో వచ్చారు. కట్ట ఎక్కి ఫొటోలు దిగి, హైమకు శాలువా కప్పి పోయారు. గేట్ల సంగతీ తూము సంగతీ దస్తగిరి ఎత్తబోతే, "ఇంక లీకు లేదు కదయ్యా, తొందరేముంది?" అన్నారు. నాకు మండింది. పంటినొప్పికి మందేసుకుని పన్ను బాగుపడిందనుకునే రకం వీళ్లంతా.

ఆ సంబరంలో మొహం మాడ్చుకుని ఉన్నది మా అత్త ఒక్కతే.

"నా తోటకు నీళ్లెట్ట? కట్ట కారబట్టే గదా మనం బతికింది?"

"అన్నీ మూయడం ల్యాదమ్మా. కట్ట పాదం దగ్గర గులకరాళ్ల కాలువ ఉండాది చూడు, దాని జోలికి పోలేదు. కట్టలోకి ఇంకిన నీళ్లు బయటపడేది దాంట్లోంచే. అది ఎప్పుడూ పారాల. సగానికి తగ్గుతాది, అంతే. నీ తోటకు అది చాలు."

హైమ చెప్పినట్టే నీళ్లు సగానికి తగ్గాయి. అత్త సణుగుతూనే తోటలో కాలవలు కుదించి సర్దుకుంది. ఊళ్లో తక్కిన ఆకుతోటల వాళ్లూ సర్దుకున్నారు. వానాకాలం మొదలైంది. చెరువులోకి నీళ్లొస్తున్నా కాలువలో నీళ్లు మాత్రం ఇంకా కొంచెం తగ్గాయి.

అప్పుడు అత్త గంగమ్మ దగ్గరికి పోయింది.

మా ఊరి గంగమ్మకు గుడి లేదు. కాలువ పైన గులకరాళ్ల గుట్ట మీద పసుపు పూసిన నిలువు రాయి, అంతే. కట్ట కట్టిన కూలీలు పెట్టుకున్న దేవత. తోటకు నీళ్లు తగ్గినప్పుడు ఆమెకు పానకం పోయడం మా ఆకుతోటల వాళ్ల ఆనవాయితీ. బెల్లం, మిరియాలు, శొంఠి వేసి బిందెడు కలిపి, రాయి తడిసేలా పోస్తారు. పోసిందంతా రాళ్ల సందుల్లోంచి కిందికి దిగిపోతుంది. అలా దిగిపోతే గంగమ్మ తాగిందని లెక్క, పైన నిలిస్తే కోపంగా ఉందని లెక్క.

గంగమ్మ బాగానే తాగింది. అయినా నీళ్లు పెరగలేదు. మరుసటి మంగళవారం ఇంకో ఇంటివాళ్లు పోశారు. నీళ్లు ఇంకా తగ్గాయి. అమ్మకు చాలలేదని అందరూ కలిసి మూడు బిందెలు పోశారు. ఆ బెల్లం దిమ్మెలు సంతనుంచి మోసుకొచ్చింది నేనే, పానకం బిందె భుజాన మోసిందీ నేనే. ఇల్లరికం అల్లుడికి అంతకన్నా ఏం పనుంటుంది?

బంగళాలో హైమ మాత్రం సంతోషంగా ఉంది. కాలువలో పారే నీటిని ఆమె రోజూ కొలుస్తుంది. "తగ్గుతాందంటే కట్ట ఇంకా గట్టిపడుతాందనే" అని దస్తగిరితో అంటుండగా విన్నాను. గంగమ్మ దగ్గరికి ఆమె రాలేదు. మంగళవారాలు పట్నంలో మీటింగులు.

ఆశ్వయుజం వచ్చేసరికి దస్తగిరి మొహంలో నవ్వు పోయింది. కట్టలో నీటి ఒత్తిడి చూడ్డానికి హైమ కొన్ని సన్నటి గొట్టాలు దించి ఉంచింది. వాటిలో నీటి మట్టం దిగాల్సింది పోయి ఎక్కుతోంది.

"మేడమ్, కాలువలో సూస్తే నీళ్లు ల్యావు. గొట్టాల్లో సూస్తే పైకొచ్చాండాయి. ఇదేం లెక్క?"

"గొట్టాలు పూడినాయేమో, కడిగించండి" అనింది హైమ. కడిగించారు. మట్టం మళ్లీ అక్కడికే ఎక్కింది. రెండు రోజులకు కట్ట వెనక వాలులో, బాగా పైన, ఎప్పుడూ ఎండి ఉండే చోట గడ్డి పచ్చబడింది. కాలు పెడితే దిగబడుతోంది. కట్ట పైదారిలో నేల చీలి నెరియ ఒకటి కనబడింది, వేలు పట్టేంత.

ఆ మధ్యాహ్నం హైమ అన్నానికి ఇంటికొచ్చి కూర్చుంది గానీ చేయి ముద్ద మీదికి పోలేదు. అత్త తోటలో ఉంది. నేనే సంగటి పెట్టి, "ఏమయింది హైమా?" అన్నాను. ఆమె సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి పులుసు పోసింది.

"చూడు బావా. పులుసు కొంచెం ఇంకినా ముద్ద నిలబడుతాది. అడుగునుంచి బయటికి పోయే దోవ లేకుండా ఇంకుతానే ఉంటే?" ఇంకా పోసింది. ముద్ద పక్క మెత్తబడి జారి పళ్లెంలో పడింది. "కట్టలోకి నీళ్లు ఇంకేది తప్పు కాదు. ఇంకినవి బయటికి రాకపోయేదే తప్పు. కాలువ యాడో మూసకపోయింది. మేస్త్రీలు తప్ప అట్ట మూసేవాళ్లు ల్యారు. కానీ బెల్లం ఆపి నెలలయింది! ఎవురు పెట్టినారు వాటికి తిండి?"

నేను పచ్చడి కోసం లేచాను. "తిండంటే గుర్తొచ్చింది. రేపు పట్నం పోతే బెల్లం తీసుకురా. ఇంట్లో ఉన్నదంతా మీ అమ్మ గంగమ్మకు పోసేసింది."

తిరిగి చూస్తే హైమ నన్నే చూస్తోంది. అంత తెల్లబోయిన మొహం నేనెప్పుడూ చూడలేదు.

"ఎన్నాళ్లనించి?" అనింది.

చెప్పాను. చేయి కూడా కడుక్కోకుండా బంగళాకు పరిగెత్తింది.

ఆమె ఈ ఊళ్లో పుట్టిన పిల్ల. చిన్నప్పుడు పావడా ఎగదోపుకుని ఆ పానకం చెంబు మోసిన పిల్లే. మేస్త్రీలకు తీపి ఎక్కడెక్కడ దొరకొచ్చో లెక్కలు కట్టినప్పుడు పైనున్న చెరకు తోటలను లెక్కలో వేసింది, రాలిపడే పండ్లను వేసింది, చీమలను కూడా వేసింది. పానకం మాత్రం తట్టలేదు. నీళ్లతో కొట్టుకొచ్చి కాలువలో పండుకోవాల్సిన మేస్త్రీలకు మేము వారం వారం విందు పెట్టాం. వాళ్లు కూలికి ద్రోహం చేసే రకం కాదు, శుభ్రంగా పనిచేశారు. పని జరిగినకొద్దీ నీళ్లు తగ్గాయి, నీళ్లు తగ్గినకొద్దీ మేము పానకం పెంచాం.

సాయంత్రం కాలువ మూతి దగ్గర రాళ్లు తీయించారు. గులకరాళ్లన్నీ కలిసి ఒకటే తెల్లబండ. దస్తగిరి గునపంతో కొడితే ఖంగుమంది. లోపలికి ఎంత దూరం పోయిందో తెలియదు. నీళ్లతో బరువెక్కిన కట్ట పాదం దగ్గర లోతుగా తవ్వితే కట్టే ఒళ్లో పడుతుంది. పుల్లటి ద్రావకంతో కరిగిద్దామంటే కాలువలో రాయితోపాటు కట్ట లోపలి రాయీ కరుగుతుంది. ఇంక మిగిలిన దారల్లా చెరువు దించడమే. తూము పనిచేసి ఉంటే అది చేత్తో తిప్పే పని. తూము లేదు. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందని రేడియోలో చెబుతున్నారు.

"ఎడమ పక్క చివర కట్ట పొట్టిగా ఉండాది, కింద రాతి నేల" అన్నాడు దస్తగిరి. "ఆడ మనమే కోస్తే నీళ్లు మెల్లగా దిగుతాయి. పైనించి ఆర్డరు రావాల. అడిగితే కమిటీ వేస్తామంటాండారు."

"కమిటీ వచ్చేలోపల వాన వచ్చాది."

"తెలుసు మేడమ్. నేనే సంతకం పెడతా."

అక్కడ కోస్తే నీళ్లు దిగేది వంక పాత దోవలోకి. అంటే మా ఆకుతోటల్లోకి. మొదటిది మా అత్తది.

ఆ విషయం తల్లికి చెప్పడానికి హైమ తనే పోయింది, నేను వెనకాలే పోయాను. అత్త ఆకు కోస్తూ అంతా విన్నది. పానకం మాట వినగానే చేయి ఆగింది.

"అంటే నేను గంగమ్మకు పోసిందాని వల్ల ఊరికి చేటు వచ్చిందంటావు."

"అమ్మా, తప్పు నీదనడం ల్యాదు."

"మరి ఎవురిదే? నువ్వు బెల్లం పోస్తే శాస్త్రం, నేను పోస్తే నేరమా? అరవై ఏండ్లుగా పోచ్చాండాము. ఎప్పుడూ రాయి కాలేదే! నీ పురుగులు వచ్చినాకనే గదా అయింది?"

అత్త నడుముకున్న ఆకుల సంచి విప్పి కింద పెట్టింది.

"నీ లెక్క తప్పయితే?"

"తప్పయితే తోటలు ఊరకే పోతాయి."

"ఒప్పయితే?"

"ఒప్పయి మనం కోయకపోతే, కట్ట తెగుతాది. తోటలు పోతాయి, ఊరూ పోతాది."

"రెండిట్లోనూ నా తోట పోతాంది గదే!"

"పోతాదమ్మా." హైమ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "రేపు కట్ట తవ్వే మిషను వచ్చాది. ఊరోళ్లు అడ్డం పడతారు. నువ్వు చెబితే లేచ్చారు. పానకంతో కాలువ మూసుకపోయిందని నీ నోటితో ఒక మాట చెప్పు. నేను చెబితే వినరు."

"నా నోటితోనా?" అత్త గొంతు పైకి లేచింది. "గంగమ్మ ముందర నిలబడి, అమ్మా నీకు పెట్టింది ఇసమయిందని చెప్పమంటావా? సావనైనా సస్తా గానీ ఆ మాట అనను. పో ఆడికి!"

నన్ను కూడా పొమ్మనింది. పోయాం. అత్త తోట సంగతి నాకు తెలిసినంత హైమకు తెలియదు. మామ పోయినాక అత్త బతికింది ఆ తీగల కోసమే. ఏ తీగ ఏ యేడు పాతిందో చెబుతుంది. జ్వరమొచ్చినా పొద్దున లేచి పోయి చూసుకుని వస్తేనే ఆమెకు కుదుట.

తెల్లారి మిషను వచ్చింది. ఊరు ఊరంతా దోవకు అడ్డంగా కూర్చునుంది. టీ అంగడి గురప్ప ముందు వరసలో ఉన్నాడు. అతనిదీ తోటే.

"కట్ట అరవై ఏండ్లు నిలబడింది, ఈ వానకు పడుతుందా? మొన్న శాలువా కప్పించుకుని గట్టిగుండాదన్నది మీరే గదా? ఈ పొద్దు కోచ్చామంటాండేది మీరే. మేమేమన్నా పిచ్చోళ్లమా?"

అతనన్నదాంట్లో తప్పేముంది? దస్తగిరి దండాలు పెడుతున్నాడు. హైమ గొట్టాల్లో మట్టం ఎక్కడిదాకా వచ్చిందో చెబుతోంది. వినే నాథుడు లేడు. తూర్పున మబ్బు దిగుతోంది. సన్నటి తుంపర మొదలైంది.

అప్పుడు ఇంట్లోంచి అత్త వచ్చింది. ఎవరినీ పలకరించలేదు. కూర్చున్నవాళ్ల మధ్యలోంచి నడిచి తన తోట గేటు దగ్గరికి పోయింది.

ఆకుతోటలోకి మా వాళ్లెవరూ చెప్పులతో అడుగుపెట్టరు. తోట లక్ష్మి. కలెక్టరొచ్చినా గేటు బయట విప్పాల్సిందే. ఒకసారి నేను కొత్తల్లో మరిచిపోయి ఒక అడుగు వేస్తే, అత్త నాతో వారం రోజులు తోటంతా చీపురుతో ఊడ్పించింది. అలాంటి ఓబుళమ్మ ఆ పొద్దు గేటు ముందు ఒక్క క్షణం ఆగి, కాళ్ల చెప్పులు విప్పకుండా లోపలికి నడిచింది. ఈ చివరనుంచి ఆ చివరకు, తీగల మధ్యలో, ఆ రబ్బరు చెప్పులు టపటపమని కొట్టుకుంటుండగా నడిచింది. అవతలి గట్టెక్కి, ఇటు తిరగకుండా ఊళ్లోకి వెళ్లిపోయింది.

ఆడవాళ్లలో ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ చెప్పులతోనే ఓబుళమ్మ తన తోట చచ్చిపోయిందని చెప్పింది. పానకం మాట ఎత్తలేదు, గంగమ్మను ఒక్క మాట అనలేదు. ముందు ముసలాళ్లు లేచారు. తర్వాత తక్కినవాళ్లు లేచి పశువులను, పిల్లలను, మూటలను గుట్ట మీద బడికి తోలుకుపోయారు. గురప్ప అందరికన్నా చివర లేచాడు. దస్తగిరి చేయూపగానే మిషను కదిలింది.

నీళ్లు మా తోటలోకి వచ్చేటప్పుడు నేను గుట్టమీదినుంచి చూశాను. ఏదో ఘోరంగా ఉరికొస్తాయనుకున్నాను. అదేం కాదు. ఎర్రగా, నిదానంగా, దోవ తెలిసినట్టు వచ్చాయి. అవిసె చెట్లు కాసేపు నిలబడి, ఒకటి వెనక ఒకటి వాలిపోయాయి. నేను ఏడ్చాను. సిగ్గేముంది, నా చేతులతో కూడా పాతిన తీగలవి.

వాయుగుండం తీరం దాటింది. రెండు రోజులు కుండపోత. సగానికి దిగిన చెరువు వచ్చిన నీళ్లను వచ్చినట్టు కోతలోంచి వదిలేసింది. కట్ట పడలేదు. నెరియ కాస్త పెద్దదయి ఆగిపోయింది.

కట్ట పడకపోవడమే మా కొంపమీదికి వచ్చింది. పడి ఉంటే హైమ చెప్పింది నిజమయ్యేది. నిలబడింది కాబట్టి ఆమె చెప్పింది అబద్ధమయింది. ఆర్డరు లేకుండా ప్రభుత్వ కట్ట కోసినందుకు దస్తగిరిని ఎక్కడికో బదిలీ చేశారు, విచారణ కూడా ఉందట. పోయేటప్పుడు మా ఇంటికొచ్చి టీ తాగి, "పోనీలే రాయుడన్నా, నాకు రాత్రిళ్లు నిద్ర పడతాంది" అన్నాడు. హైమ ప్రయోగం మూసేశారు. ఇచ్చిన శాలువా ఒక్కటే తిరిగి అడగలేదు. ఆమె పట్నం పోలేదు. పోయి ఏం చేయాలి? బంగళాలో మిగిలిన మేస్త్రీలను కాగులో పోసి తనే ఉడకబెట్టింది.

అన్నిటికన్నా కష్టమైంది ఇంట్లో. చెప్పులతో తోటలో నడిచిన పొద్దునుంచి అత్త కూతురితో మాట్లాడ్డం మానేసింది. మూరెడు దూరంలో కూర్చుని నాతో చెప్పేది.

"ఒరేయ్ రాయుడూ, సంగటి సల్లారతాందని సెప్పు మీ ఆవిడకు."

"హైమా, సంగటి చల్లారతాందంట."

"ఆకలి ల్యాదని చెప్పు బావా."

"ఆకలి లేదంట అత్తా."

ఇలా ఎన్నాళ్లు? నాకు నవ్వొచ్చేది మొదట్లో. తర్వాత భయమేసింది. హైమ చిక్కిపోయింది. ఊళ్లో ఆమె ఎదురుపడితే జనం పక్కకు తిరిగేవాళ్లు. ఆమె వాళ్లను ఏమీ అనేది కాదు. ఒకరోజు నాతో మాత్రం అనింది, "ఊరంతా అననీ బావా. అమ్మ కూడా నేను ఊరకే పోగొట్టినాననుకుంటే నేను బతకలేను." అది వినీ అత్తకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

సంక్రాంతి దాటినాక, చలి తగ్గిన ఒక పొద్దున అత్తను ఆస్పత్రికి తీసుకుపోదామని బయల్దేరాం. బస్సు కోసం గురప్ప టీ అంగడి ముందు ఆగాం, అత్త అరుగు మీద కూర్చుంది. అంగడి బెంచీ మీద నలుగురైదుగురున్నారు. ఇంట్లో మరిచిపోయిన అత్త మందుల సంచి తీసుకుని హైమ వెనకనుంచి వచ్చింది. గురప్ప ఆమెను చూడలేదు. చూసినా ఆగేవాడో లేదో.

"ఏమ్మా ఓబుళమ్మక్కా, సూసినావా కట్టను?" అన్నాడు టీ వడపోస్తూ. "ఎట్టుండాదో అట్టే ఉండాది. వాన వచ్చె, పాయె, దానికేమయింది? సెప్పినా గదా ఆ పొద్దే. నీ కూతురి మాటకు బంగారట్లాంటి తోట పోగొట్టుకుంటివి. ఊరకే పాయె గదక్కా."

బెంచీ మీదివాళ్లు తలలూపారు. హైమ మందుల సంచి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అత్త టీ గ్లాసు ఇంకా అందుకోలేదు. కట్టవైపు చూసింది, తర్వాత గురప్పను చూసింది.

"ఊరకే ఎట్ట పోయిందిరా?" అనింది. "కట్ట నిలబడిందని నాకు సెప్పనీకి నువ్వుండావు. ఇనేదానికి నేనుండా. ఈ బెంచీ మీద వీళ్లందరూ ఉండారు. ఆ తోటతో ఇంతమందిని కొనుక్కున్నా. నాకు బేరం గిట్టింది."

గురప్ప చేతిలోని టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. నా వెనక చప్పుడయితే తిరిగి చూశాను. హైమ మొహానికి కొంగడ్డం పెట్టుకుని, చిన్నపిల్లలాగా, వెక్కివెక్కి ఏడుస్తోంది. ఇన్ని నెలల్లో ఆమె ఏడవడం నేను చూడలేదు.

అత్త నావైపు తిరిగింది. మామూలుగా నాతో ఏదో చెప్పబోయి, ఆగింది. మోకాళ్లు పట్టుకుని లేచి, కూతురి దగ్గరికి నడిచింది.

"ఏందే ఆ ఏడుపు, నలుగురిలో?" అనింది, కసురుకుంటున్నట్టే. "పొద్దున్నించి ఏమీ తినలేదు నువ్వు. రా, టీ తాగు."